మాటల్లో చేరే ధ్వనులు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి చెన్నై పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మూలంలో లేని ధ్వని నోటిలోకి ఎందుకు వస్తుంది, అలా వచ్చినదాన్ని తప్పు అనాలా ఒప్పు అనాలా అని అడిగారు. మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ శీర్షిక మొత్తాన్నీ వీటికే కేటాయిస్తున్నాము. ఉన్న ధ్వని ఉండగానే కొత్త ధ్వని వచ్చి దాని పక్కన చేరడాన్ని మన వ్యాకరణాలు ఆగమం అంటాయి. ఉన్నదాన్ని తొలగించి ఆ చోట నిలిచేది ఆదేశం. 'మిత్రవదాగమః, శత్రువదాదేశః' అని సంస్కృతం నేర్చుకొనేవారు వల్లె వేస్తారు. స్నేహితుడిలా వచ్చి పక్కన కూర్చునేది ఆగమం, శత్రువులా వెళ్ళగొట్టి కూర్చునేది ఆదేశం. కింది ఉత్తరాలన్నీ ఆ స్నేహితుడిని గురించినవే.

*

ప్రశ్న: మా మనవరాలు ఇక్కడ ఇంగ్లీషు మాధ్యమంలో ఏడో తరగతి చదువుతోంది. నేను బస్సు, కప్పు, పెన్ను, కారు అన్నప్పుడల్లా "అమ్మమ్మా, బస్ అనాలి, బస్సు కాదు" అని దిద్దుతుంది. అది చదువుకోని వాళ్ళ ఉచ్చారణ అని కూడా అంటుంది. ఈ చివరి ఉకారం మనకు ఎక్కడిది? (పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ మనవరాలు తమిళం కూడా చదువుతూ ఉంటే ఆమె చేతనే ఒక చిన్న పని చేయించండి. తమిళ పాఠంలోని కణ్, మణ్, విల్, ముళ్, ఇల్ అనే మాటలను ఒక వరుసలోను, పాల్, కాల్, నీర్, తేర్, నూల్ అనే మాటలను మరొక వరుసలోను రాసి, ప్రతిదాని పక్కన తెలుగు మాట రాయమనండి. మొదటి వరుస పక్కన కన్ను, మన్ను, విల్లు, ముల్లు, ఇల్లు వస్తాయి. రెండో వరుస పక్కన పాలు, కాలు, నీరు, తేరు, నూలు వస్తాయి. ఈ జంటలన్నీ ఒకే మూల ద్రావిడ పదాల నుంచి పుట్టినవి. హల్లుతో ముగిసే మాటను తమిళం రాతలో అలాగే నిలుపుకొన్నది. మాట అచ్చుతోనే ముగియాలని పట్టుబట్టిన తెలుగు దాని చివర ఉకారాన్ని చేర్చుకొన్నది.

ఉకారం చేరడం ఒక్కటే అయితే ఇంత వివరంగా చెప్పవలసిన పని లేదు. రెండు వరుసలకూ ఉన్న తేడాను చూడండి. హల్లుకు ముందు హ్రస్వం ఉంటే ఆ హల్లు రెట్టించింది, కణ్ కన్ను అయింది. దీర్ఘం ఉంటే రెట్టించలేదు, పాల్ పాలు అయింది. ఇప్పుడు మీరు పలికే ఇంగ్లీషు మాటలను ఇదే గీటురాయి మీద పెట్టండి. హ్రస్వం తర్వాత బస్సు, కప్పు, పెన్ను, పిన్ను, సెట్టు. దీర్ఘం తర్వాత కారు, కోటు, గేటు, నోటు, ట్యూబు, లోను. చివర ముందే రెండు హల్లులు ఉన్న మాటకు రెట్టింపు అక్కర లేదు కనుక బల్బు, పంపు, బ్యాంకు, డెస్కు అని ఉకారంతోనే సరిపెట్టుకొన్నాము. ఇంగ్లీషు మాటలను ఇలా పలకాలని ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు. అక్షరం రాని వారి నుంచి న్యాయవాది వరకు అందరూ ఒకే తీరున పలుకుతున్నారంటే, కన్నును కన్నుగాను పాలను పాలుగాను చేసిన పాత నియమం నోటిలో ఇంకా పని చేస్తున్నదని అర్థం. చదువు లేకపోవడం వల్ల పుట్టే ఉచ్చారణ ఒక్కొక్కరి నోట ఒక్కొక్క తీరుగా ఉండాలి గాని ఇంత క్రమంగా ఉండదు.

నియమానికి లొంగని మాటలు లేకపోలేదు. దీర్ఘం తర్వాత వచ్చింది కనుక 'రోడు' అనవలసి ఉండగా మనం రోడ్డు అంటున్నాము. తమిళులు, కన్నడిగులు రోడు అనే అంటారు. ఈ ఒక్క మాటలో వారే మన నియమాన్ని మనకంటే బాగా పాటిస్తున్నారు.

మీ మనవరాలికి చెప్పవలసినది మరొకటి ఉన్నది. వీధిలో తమిళం మాట్లాడేవారు కూడా పుస్తకంలో ఉన్నట్లు కణ్, పాల్ అనరు. వాడుకలో కణ్ణు, మణ్ణు, పాలు, కాలు అనే పలుకుతారు. బస్సు, కారు అని కూడా అంటారు. వారి ఉకారానికీ మన ఉకారానికీ తేడా పెదవులలో ఉన్నది. మనం పెదవులు గుండ్రంగా చేసి పూర్తి ఉకారం పలుకుతాము. వారు పెదవులను అలాగే వదిలేసి, నిడివి తగ్గించి పలుకుతారు. పదాంతంలో ఇలా కుదించుకుపోయే ఉకారాన్ని ప్రాచీన గ్రంథమైన తొల్కాప్పియం నాటి నుంచి తమిళ వ్యాకరణం 'కుఱ్ఱియలుకరం' అనే ప్రత్యేకమైన పేరుతో గుర్తించింది. అందువల్ల ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మీరు బస్ అనండి, తెలుగు మాట్లాడేటప్పుడు ఆమె బస్సు అనాలి. ఒక భాష మర్యాదను మరొక భాష మీద రుద్దడానికి ఇద్దరిలో ఎవరికీ అధికారం లేదు.

*

ప్రశ్న: బస్సు, కారు ఉకారంతో ముగుస్తున్నాయి కదా, కాలేజీ, పేజీ, వాచీ, బెంచీ, జడ్జి మాత్రం ఇకారంతో ఎందుకు ముగుస్తాయి? ఫీజు, సైజు మళ్ళీ ఉకారంతోనే ఎందుకున్నాయి? ఇందులో లెక్క ఏమైనా ఉన్నదా, లేక నోటికి వచ్చినట్లు అంటున్నామా? (కొళత్తూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: లెక్క ఉన్నది, అది చాలా అందమైన లెక్క. తెలుగులో చకార జకారాలు రెండు రకాలని మీరు బడిలో చదివే ఉంటారు. నాలుక అంగిలిని తాకితే పుట్టేవి తాలవ్యాలు, పళ్ళ దగ్గర పుట్టేవి దంత్యాలు. 'చీమ', 'చెట్టు', 'జిల్లేడు' అన్నప్పుడు తాలవ్యం; 'మంచు', 'గాజు', 'బూజు' అన్నప్పుడు దంత్యం. ఇ, ఈ, ఎ, ఏ అనే అచ్చులతో కూడిన చజలు తాలవ్యాలని, అ, ఉ, ఒ వంటి వాటితో కూడినవి దంత్యాలని చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పింది. అచ్చ తెలుగు మాటల్లో ఈ పంపకం నేటికీ దాదాపు అలాగే నిలిచి ఉన్నది.

ఇక ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలను చూడండి. పేజ్, కాలేజ్, జడ్జ్, బ్రిడ్జ్, గేజ్ అనే మాటల చివర ఉన్నది అంగిలి దగ్గర పుట్టే ధ్వని. దానికి ఉకారం చేర్చితే పాతతరం తెలుగు నోటిలో అది వెంటనే గాజులోని జకారంలా దంత్యమైపోతుంది. మూలధ్వనిని కాపాడుకోవాలంటే పక్కన చేరే అచ్చు ఇకారం కావాలి. అందుకే పేజీ, కాలేజీ, క్యాబేజీ, జడ్జి, బ్రిడ్జి, మీటర్ గేజి, బ్రాంచి, బెంచీ, వాచీ, టార్చిలైటు. ఫీజు, సైజు విషయం వేరు. వాటి ఇంగ్లీషు మూలంలో చివర ఉన్నది పళ్ళ మధ్య గాలి రాచుకొంటూ వచ్చే ధ్వని. తెలుగులో దానికి అతి దగ్గరి చుట్టం దంత్య జకారమే. దంత్యానికి తగిన తోడు ఉకారం కనుక ఫీజు, సైజు అయ్యాయి. పారసీకం నుంచి వచ్చిన రోజు కూడా ఇదే కారణం చేత రోజు అయింది గాని రోజి కాలేదు.

ఇది విదేశీ పదాల కోసం కల్పించుకొన్న ఏర్పాటు కాదని చెప్పడానికి సొంత మాటలే సాక్ష్యం. యకారం కూడా తాలవ్యమే. తమిళంలో 'నెయ్' అనేది మనకు 'నెయ్యు' కాకుండా నెయ్యి అయింది. చెయ్యి, గొయ్యి, నుయ్యి, రాయి వంటి మాటల చివర ఇకారమే తప్ప ఉకారం వినబడదు. వాడుక తమిళంలో కూడా 'వాయ్' అనే మాట 'వాయి' అవుతుంది.

మన భాషతో ఏ బంధుత్వమూ లేని జపానీయుల భాషలో కూడా ఇంగ్లీషు మాటలకు చివర అచ్చు చేరుతుంది. మామూలుగా అది ఉకారం; తకార డకారాల తర్వాత ఒకారం; చజల తర్వాత మాత్రం ఇకారం. వారు పేజ్‌ను పేజి అని, బెంచ్‌ను బెంచి అని పలుకుతారు! తెలుగువారినీ జపాను వారినీ ఒకే మాట దగ్గరికి చేర్చినది అంగిలి తప్ప మరొకటి కాదు.

ఇప్పటి యువతరం మెసేజు, ఇమేజు, ఫ్రిజ్జు అంటున్నది. వారి నోటిలో ఉకారం ముందు కూడా తాలవ్యం చెడకుండా నిలుస్తున్నది గనుక ఇకారం సాయం అక్కర లేకపోయింది. పేజీ పేజు అయ్యే రోజు వస్తుందని మాత్రం నేను అనుకోను. అది బాగా వేళ్ళూనుకొన్న మాట.

*

ప్రశ్న: పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలకు సాయంత్రం వేళ తెలుగు చెబుతున్నాను. వారు స్కూలును 'ఇస్కూలు' అంటారు, స్లేటును మాత్రం 'సిలేటు' అంటారు. రెండు మాటలూ సకారంతోనే మొదలవుతున్నప్పుడు ఒకచోట అచ్చు ముందుకు, మరొకచోట మధ్యకు ఎందుకు వెళుతున్నది? దీన్ని మాన్పించే మార్గం ఏమిటి? (వ్యాసర్పాడి నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: మీ చెవి చాలా సున్నితమైనది. పిల్లలను దిద్దేవారు వందలమంది ఉంటారు గాని, ఈ తేడాను పట్టుకొన్నవారు తక్కువ.

సకారం అనేది ఆగకుండా సాగే బుస. దాని వెంటనే క, ట, ప వంటి స్పర్శం వచ్చినప్పుడు ఆ బుస ఒక్కసారిగా మూసుకుపోతుంది. ఈ రెండింటి మధ్య అచ్చు వంటిది ఏదీ ఉండదు. అక్కడ అచ్చును దూర్చి 'సికూలు' అంటే విన్నవారికి అది వేరే మాటగా తోస్తుంది. అందుచేత జంటను విడదీయకుండా ముందు ఇకారాన్ని నిలుపుతారు. అప్పుడు 'ఇస్' ఒక అక్షరంగాను 'కూ' మరొక అక్షరంగాను చక్కగా విడిపోతాయి. మాట మధ్యలో స్క, స్త రావడం తెలుగుకు కొత్త కాదు. రస్కు, పుస్తకం అందరూ పలుకుతారు. కష్టమంతా మాట మొదట్లోనే. స్లేటులో అలా కాదు. సకారం నుంచి లకారానికి నాలుక జారే క్షణంలో చిన్న అచ్చు నీడ అప్పటికే ఉంటుంది. పిల్లలు ఆ నీడనే కొంచెం సాగదీసి సిలేటు అంటున్నారు. గ్లాసు గలాసు కావడం, ప్లేటు పలేటు కావడం కూడా ఇలాంటివే.

స్పానిష్ వారి బడి 'ఎస్క్వేలా'. ఫ్రెంచివారి బడి 'ఎకోల్'. అందులో ఒకప్పుడు ముందు చేరిన అచ్చు మిగిలింది, ఆ తర్వాతి సకారం జారిపోయింది. పంజాబీలు మాత్రం అచ్చును మధ్యకే పంపి 'సకూల్' అంటారు. మన దేశంలో ఈ పని ఇంగ్లీషు రాకతో మొదలు కాలేదు. స్త్రీ శబ్దాన్ని ప్రాకృతం 'ఇత్థీ' చేసింది. శ్రీ శబ్దాన్ని 'సిరి' చేసింది. ఒకదానిలో అచ్చు ముందు, మరొకదానిలో మధ్య. మీ పిల్లల ఇస్కూలు, సిలేటు ఆ రెండింటికీ వారసులే. ఆ సిరి మన ఇళ్ళల్లో సిరిసంపదలుగా గౌరవంగా ఉన్నది. రత్నం రతనమై 'రాయలసీమ రతనాల సీమ' అనిపించుకొన్నది, యత్నం జతనమైంది, హర్షం హరుషమైంది. వీటిని కవులు రాస్తే సొగసు అని, కూలీల పిల్లలు సిలేటు అంటే తప్పు అని అనడంలో న్యాయం కనిపించదు.

మధ్యలో చేరే అచ్చుకు రంగు ఎక్కడి నుంచి వస్తుందో కూడా గమనించండి. ఎక్కువగా అది పక్క అచ్చును చూసి పోలిక తెచ్చుకొంటుంది. రతనంలో అకారం, సిరిలో ఇకారం, బ్రష్ నుంచి వచ్చిన బురుసులో ఉకారం అలా వచ్చినవే. పేకముక్కల్లో మనం కళావరు అనే మాట డచ్చివారి 'క్లావర్'. ఆ దీర్ఘాకారానికి ముందు చేరినది అకారమే. చెన్నైకి ఉత్తరాన ఉన్న పులికాట్ ఒకప్పుడు డచ్చివారి వర్తక స్థావరం, గెల్డ్రియా కోట అక్కడిదే. మచిలీపట్నంలోనూ వారు వ్యాపారం చేశారు. ఆ ఓడల్లో వచ్చిన మాట నేటికీ మన పేకాటలో నడుస్తున్నది.

ధ్వనిని చేర్చకుండా తీసివేసే మార్గం కూడా మన భాషకు తెలుసు. స్వామి సామి కావడం, స్టేషను టేసను కావడం ఆ దారిలోనివి. దాన్ని వ్యాకరణం లోపం, అంటే ధ్వని పోవడం, అంటుంది, అది ఆగమం కాదు; దాని జోలికి ఇక్కడ వెళ్ళను.

మాన్పించే మార్గం అడిగారు. తిట్టవద్దు, నవ్వవద్దు. పిల్లల చేత పాము బుసలా సకారాన్ని మాత్రమే కాసేపు సాగదీయించి, దాని చివర 'కూలు' అనిపించండి. తర్వాత బుస నిడివి తగ్గిస్తూ రండి. రాయడం దగ్గర స్కూలు, స్లేటు అనే రాయించండి. ఇంట్లో అమ్మతో ఇస్కూలు అంటే అననివ్వండి.

*

ప్రశ్న: మా మామగారు వేదం చదువుకొన్నవారు. 'బర్హిః' అని పుస్తకంలో ఉన్నచోట ఆయన 'బరిహిః' అన్నట్లు పలుకుతారు. అడిగితే సంప్రదాయం అంటారు. ఇది పొరపాటేనా? (నంగనల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ మామగారు చెప్పినదే నిజం. రేఫ, అంటే రకారం, తర్వాత హకారం గాని శషసలు గాని వచ్చినప్పుడు మధ్యలో అచ్చులో భాగమంత ధ్వని వినిపించాలని వేదోచ్చారణను నిర్ణయించిన ప్రాతిశాఖ్యలు, శిక్షా గ్రంథాలు చెబుతాయి. దానికి వారు పెట్టిన పేరు స్వరభక్తి, అంటే స్వరంలో ఒక భాగం. అది పూర్తి అచ్చు కాదు కనుక అక్షరాల లెక్క మారదు, ఛందస్సు చెడదు. భాషాశాస్త్రవేత్తలు రతనం, హరుషం వంటి మాటలకు కూడా ఈ పేరునే వాడుకొంటున్నారు. ఒక్క తేడా ఉన్నది. వేదంలో అది కొలత తెలిసిన భాగం, లోకంలో అది నిండు అచ్చు.

*

ప్రశ్న: మేము తిరువొత్తియూరులో ఉంటాము. మా పక్కింటి తమిళ మాస్టారు ఈ ఊరి పేరులో రెండు 'చేరిన అక్షరాలు' ఉన్నాయని అన్నారు. అవి ఏమిటి? తెలుగులో యడాగమం ఒక్కటే చదివినట్లు గుర్తు. తమిళంలో వకారం కూడా ఎందుకు వస్తుంది? (తిరువొత్తియూరు నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: మాస్టారు మంచి ఉదాహరణ చూపించారు. మీ ఊరి పేరును విడదీస్తే తిరు, ఒఱ్ఱి, ఊర్ అని మూడు ముక్కలు వస్తాయి. తిరు చివరి ఉకారానికీ ఒఱ్ఱి మొదటి ఒకారానికీ మధ్య వకారం చేరింది; ఒఱ్ఱి చివరి ఇకారానికీ ఊర్ మొదటి ఊకారానికీ మధ్య యకారం చేరింది. అలా తిరువొఱ్ఱియూర్ అయింది. త్యాగరాజస్వామి త్రిపురసుందరి మీద తెలుగులో కీర్తనలు పాడిన ఊరు పేరులోనే తమిళ సంధి పాఠం మొత్తం ఇమిడి ఉన్నది.

ఇలా రెండు అచ్చుల నడుమ వచ్చి చేరే హల్లును తమిళ వ్యాకరణం 'ఉడంపడుమెయ్' అంటుంది. నన్నూల్ అనే తమిళ వ్యాకరణ గ్రంథం చెప్పిన నియమం ప్రకారం ఇ, ఈ, ఐ తర్వాత యకారం, ఏ తర్వాత రెండింటిలో ఏదైనా, మిగిలిన అచ్చుల తర్వాత వకారం. ఇకారం పలికినప్పుడు నాలుక అంగిలి దగ్గరకు లేచి ఉంటుంది. మరొక అచ్చు వైపు కదిలేటప్పుడు పుట్టేది యకారమే. ఉకారం పలికినప్పుడు పెదవులు గుండ్రంగా ఉంటాయి. అవి విచ్చుకొనేటప్పుడు పుట్టేది వకారం. తిరువల్లిక్కేణి పేరు కూడా ఇలాంటిదే: తిరు, అల్లి, కేణి. అల్లి అంటే కలువ, కేణి అంటే కొలను. ఇంగ్లీషువారు ట్రిప్లికేన్ అని కుదించినప్పుడు ఆ వకారం కనుమరుగైంది. శ్రీరంగం తమిళంలో తిరువరంగం. రేఫతో మాట మొదలు కాకూడదని పాత తమిళ నియమం కనుక రంగం ముందు ఒక అకారం చేరి అరంగం అయింది, ఆ తర్వాత తిరుకూ అరంగానికీ మధ్య వకారం చేరింది. ఆగమం మీద ఆగమం! లోకం ఉలగం కావడం, లంక ఇలంగై కావడం కూడా మాట మొదట్లో అచ్చు చేరినవే.

ఇక తెలుగు సంగతి. 'సంధి లేనిచోట స్వరంబుకంటెఁ బరంబయిన స్వరంబునకు యడాగమంబగు' అని చిన్నయసూరి సూత్రం, అంటే సంధి జరగనిచోట రెండు అచ్చుల నడుమ యకారం చేరుతుంది. ఆయన ఈ నగరంలోనే ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడు. తన చుట్టూ రోజూ వినిపించే తమిళ వకారం ఆయనకు తెలియకపోవడానికి వీలు లేదు. అయినా తెలుగుకు యకారం ఒక్కటే చెప్పారు. దానికి కారణం మన ఉత్వసంధిలో ఉన్నది. రాముడు అతడు అనే రెండు మాటలు కలిస్తే రాముడతడు అవుతుంది, చివరి ఉకారం తప్పుకొంటుంది. వకారం అవసరమయ్యే చోట్లలో పెద్ద భాగం ఆ ఉకారంతోనే పోయింది. మిగిలిన అచ్చుల దగ్గర యకారం రాజ్యమేలింది. మా, అమ్మ కలిసి మాయమ్మ అయింది. మాట లోపల మాత్రం మనకూ వకారం ఉన్నది. గురువు, ధేనువు, వధువు, గోవు అనే మాటల చివర చేరిన 'వు'ను చూడండి. నోటి మాటలో మా ఊరు మావూరు అవుతుంది, మాయూరు కాదు. కన్నడ వ్యాకరణం మాత్రం రెండింటినీ బాహాటంగా ఒప్పుకొని, మనెయన్ను అన్నచోట యకారాగమం, గురువన్ను అన్నచోట వకారాగమం అని పేర్లు పెట్టింది.

యడాగమం ఒక్కటే గుర్తున్నదని రాశారు. బాలవ్యాకరణంలో ఇంకా ఉన్నాయి. చిగురుటాకులోని టకారం టుగాగమం. పేదరాలు, గుణవంతురాలు అనే మాటల్లో రేఫ రుగాగమం. ఈ రుగాగమం ఎంత సజీవమైనదో చూడాలంటే ఉపాధ్యాయురాలు, స్నేహితురాలు, ఈ శీర్షికలోనే నాలుగైదుసార్లు అచ్చయిన పాఠకురాలు చాలు.

*

ప్రశ్న: ఇక్కడి తోపుడుబండ్ల దగ్గర ఆమ్లెట్‌ను 'ఆంప్లేట్' అంటారు. మా హాస్టల్లో తెలుగు కుర్రాళ్ళు 'ఆంబ్లెట్' అంటారు. లేని పకారం, బకారం ఎక్కడి నుంచి వచ్చాయి? (షావుకారుపేట నుంచి ఒక విద్యార్థి)

జవాబు: మకారం పలకడానికి పెదవులు మూసుకోవాలి, ముక్కు దారి తెరిచి ఉండాలి. లకారానికి పెదవులు తెరవాలి, ముక్కు దారి మూయాలి. ఈ రెండు పనులూ ఒకే క్షణంలో జరగాలి. ముక్కు దారి ఒక్క లిప్త ముందుగా మూసుకుపోయి, పెదవులు ఇంకా మూసే ఉన్నాయనుకోండి. గాలి నోటిలో నిలిచి, పెదవులు విడిపడగానే బకారంగా పేలుతుంది. ఎవరూ తెచ్చి పెట్టనక్కర లేదు, అది దానంతట అదే పుడుతుంది. బకారానికి తమిళ లిపిలో వేరే అక్షరం లేదు కనుక రాతలో అది పకారంగా కనిపిస్తుంది.

ఈ బకారానికి చరిత్ర పెద్దది. సంస్కృతంలో మామిడిపండు ఆమ్రం. ప్రాకృతంలో అది 'అంబ', మరాఠీలో నేటికీ 'ఆంబా'. తామ్రం హిందీలో 'తాంబా' అయింది. లాటిన్ 'నుమెరుస్' ఫ్రెంచిలో 'నోంబ్ర్' అయి, ఆ బకారంతోనే ఇంగ్లీషులోకి వెళ్ళి, మన దగ్గర నెంబరు అయింది. ఉరుముకు పాత ఇంగ్లీషులో 'థునోర్' అనేవారు, డకారం చేరి థండర్ అయింది. కనుక ఆంబ్లెట్ అన్నవారిని ఎగతాళి చేసే మిత్రుడు తన ఫోన్ నెంబరు చెప్పేటప్పుడు అదే పని చేస్తున్నాడు. పత్రికలో రాసేటప్పుడు ఆమ్లెట్ అని రాయండి. బండి దగ్గర ఎలా అడిగినా ఇస్తారు.

*

ప్రశ్న: మా అబ్బాయి తెలుగు పరీక్షలో 'యెక్కడ', 'వొకటి', 'వూరు' అని రాశాడు. మార్కులు తగ్గించారు. మేము ఇంట్లో అలాగే పలుకుతాము, మా తాతగారి కాలం నాటి పుస్తకాల్లో కూడా అలాగే ఉన్నది. మార్కులు తగ్గించడం సబబేనా? (అన్నానగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పలకడంలో మీ అబ్బాయి తప్పు ఏమీ లేదు. మాట మొదట ఎకారం ఉంటే ముందు యకారపు ఛాయ, ఒకారం, ఊకారం ఉంటే ముందు వకారపు ఛాయ వినిపించడం తెలుగు నోటికి సహజం. తమిళులు, కన్నడిగులు కూడా ఇలాగే పలుకుతారు. తిరువొత్తియూరు పాఠకుడికి చెప్పిన కారణమే ఇక్కడా పని చేస్తున్నది, కాకపోతే మాట మొదట్లో.

రాత విషయంలో మాత్రం చిన్నయసూరి గట్టిగా ఉన్నారు. యకారమూ, వు వూ వొ వోలూ తెలుగు మాటలకు మొదట లేవని ఆయన సూత్రించారు. జనం అలా పలకకపోతే, కొందరు అలా రాయకపోతే, ఇలాంటి సూత్రం చేయవలసిన అవసరమే కలిగేది కాదు. ఆయన తర్వాత కూడా యిల్లు, యెవరు, వూరు అనే రాతలు అచ్చులో చాలాకాలం నడిచాయి. మీ తాతగారి పుస్తకాలు ఆ కాలానివి. నేటి పాఠ్యపుస్తకాలు ఎక్కడ, ఒకటి, ఊరు అనే రాతలను స్థిరపరచాయి కనుక పరీక్షలో అవే రాయాలి. ఒక్క జాగ్రత్త చెప్పండి: మాటలు కలిపి రాసినప్పుడు, అంటే 'హరియెక్కడ' వంటి చోట, ఆ యకారం యడాగమం, దాన్ని తీసివేయకూడదు. విడిగా రాసినప్పుడు 'హరి ఎక్కడ' అని ఉండాలి. ఈ తేడా తెలిసి రాసిన పిల్లవాడికి మార్కులు తగ్గితే, జవాబు పత్రంతో వెళ్ళి తెలుగు మాస్టారిని మర్యాదగా అడగవచ్చు.